నాలుగు అంగుళాల మడత

లైబ్రరీ గదికి సున్నం వేయించింది నేనే. ఎవరైనా అడిగితే ఉత్తరం వచ్చిందనీ, మా బడి పెద్ద మేడం తొందరపెట్టారనీ చెప్పవచ్చు. అవి అబద్ధాలు కావు. కానీ బీరువాలు జరిపించి, వాటి వెనక గోడకు కూడా పూత పడేలా దగ్గరుండి చూసుకున్నది మాత్రం నేను. ఏ పనైనా సగంలో వదలకూడదని ఇరవై తొమ్మిదేళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. ఆ రోజు నేనూ పాటించాను.

ఆ గది సంగతి ముందు చెప్పాలి. నలభై రెండేళ్ళ కిందట, మిల్లు సమ్మె రోజుల్లో, సైన్యం మా బడిని పదిహేడు రోజులు జైలుగా వాడుకుంది. పట్టుకొచ్చిన మగవాళ్ళను ముప్పై ఎనిమిది మందిని ఈ గదిలో పెట్టారు. పద్దెనిమిదో రోజు పొద్దున్నే లారీ ఎక్కించారు. ఆ లారీ ఎక్కడికి వెళ్ళిందో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఎక్కినవాళ్ళలో మా మామగారు ఒకరు. ఆయన దర్జీ. నేను ఆయనను ఎరగను. మా ఆవిడకు అప్పటికి ఆరేళ్ళు.

తరవాత చాలా ఏళ్ళు ఆ గదిలో పాఠం చెప్పడానికి ఎవరూ ఒప్పుకోలేదు. విరిగిన బెంచీలు పడేసేవాళ్ళు. మా ఆవిడ లైబ్రేరియన్‌గా చేరినప్పుడు లైబ్రరీకి ఆ గదే కావాలని అడిగింది. గోడల నిండా గీతలు. రోజులు లెక్కపెట్టుకున్న గీతలు, పేర్లు, మేకుతో గీకినవి, బొగ్గుతో రాసినవి, పెన్సిల్‌తో రాసినవి. ఆవిడ గది ఊడిపించి, బీరువాలు గోడలకు చేర్చి పెట్టించింది. గోడలకు మాత్రం సున్నం వేయనివ్వలేదు. "సున్నం పొడి పుస్తకాలకు పడదు" అనేది. బడికంతటికీ సున్నం వేసే సెలవుల్లో తాళంచెవి బొడ్డున దోపుకుని ఇంటికి వచ్చేసేది. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచింది. ఐదు నెలల కిందట ఆవిడ పోయింది.

ఆవిడ పోయాక నేను బడి మానలేదు. పాఠం చెబుతాను, నోటుపుస్తకాలు దిద్దుతాను. దారిలో ప్రార్థన మందిరం ఉంది. రెండుసార్లు లోపలికి వెళ్ళాను. చేతులు జోడించాను. ఏం అడగాలో తోచలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను.

అలాంటి రోజుల్లో ఆ ఉత్తరం వచ్చింది. ఒక కళాకారిణి వస్తారనీ, మనుషుల్ని బంధించి ఉంచిన గదుల్లో ఆమె కళాప్రదర్శనలు చేస్తారనీ, గదిని ఉన్నది ఉన్నట్టుగా ఉంచమనీ అందులో రాశారు. పెద్ద మేడం ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఉన్నది ఉన్నట్టుగానా? ఆ గోడలు చూశారా మాస్టారూ? ఇనస్పెక్షన్‌కి వచ్చినవాళ్ళు కనీసం చూసి ఊరుకుంటారు. ఈవిడ ఫొటోలు తీసి నలుగురికీ చూపిస్తుంది."

"గీతలు చూడటానికే వస్తున్నారేమో మేడం" అన్నాను.

"వాళ్ళు మర్యాదకి అలాగే రాస్తారు. మీ ఇంటికి వస్తున్నా, ఏమీ శ్రమపడొద్దు అని ఎవరైనా అంటే మీరు చాప దులపకుండా కూర్చోబెడతారా?"

నాకు అది సబబుగానే తోచింది. మా బడిలో ఎవరు వస్తున్నారన్నా ముందు చేసే పని అదే. మంత్రి వచ్చినా, మందులు వేసేవాళ్ళు వచ్చినా సున్నం బకెట్టు దిగుతుంది. పైగా అది మా ఆవిడ గది. నలుగురూ వచ్చి చూసేటప్పుడు శుభ్రంగా ఉండాలనిపించింది. ఆవిడ కోసం చేస్తున్నాననే అనుకున్నాను.

సున్నం మేస్త్రీ మా బడికి పాతకాపు. చిన్న నిచ్చెనా, పెద్ద నోరూ ఉన్న మనిషి. కిటికీకి ఎదురుగా ఉన్న పెద్ద బీరువా జరపడానికి నలుగురం పట్టాం.

"ఇది ఇనుమా, ఏనుగా సారూ! దీన్ని ఇక్కడే వదిలేద్దాం. దీని వెనక ఎవరు చూడొచ్చారు?"

"వేసేది పూర్తిగా వెయ్యి. రెండు పూతలు."

"రెండే! మీరు అడిగితే మూడు" అన్నాడు.

బీరువా జరిగాక గోడమీద పెన్సిల్ గీతలు కనిపించాయి. పొడుగ్గా, వంకరగా. పక్కన ఏవో అంకెలు. పేర్లూ కావు, రోజుల లెక్కా కాదు; బీరువా పెట్టకముందు పిల్లలెవరో గీసి ఉంటారనుకున్నాను. గోడమీద రాసే పిల్లలంటే నాకు మొదటినుంచీ కోపం. "అక్కడ కూడా" అని చెప్పి, మూడో పీరియడ్ గంట కొట్టేసరికి క్లాసుకి వెళ్ళిపోయాను.

కళాకారిణి నాలుగు రోజుల తరవాత వచ్చింది. నలభై దాటిన మనిషి. భుజానికి గుడ్డసంచీ. వచ్చిన గంటలోనే పిల్లలు ఆమెకు బొమ్మలావిడ అని పేరు పెట్టేశారు. నేను తలుపు తీసి పక్కకు జరిగాను. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. గది పాలలా మెరుస్తోంది.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. మెల్లగా లోపలికి వచ్చి, బీరువాల మధ్య నేలమీద కూర్చుంది.

"ఎప్పుడు వేశారు మాస్టారూ?"

"సోమవారం."

"నా కోసమేనా?"

"అవును."

ఆమె తల ఊపింది. "ఇలాంటి గదులు పదకొండు చూశాను. ఒకచోట టైల్స్ వేశారు. ఒకచోట సైకిళ్ళ స్టాండు కట్టారు. నా కోసం అని శుభ్రం చేసినవాళ్ళు మాత్రం మీరే." అందులో వెటకారం లేదు. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఏం చేద్దామనుకున్నారని అడిగాను. "నేను కొత్తగా ఏదీ చేయను. ఉన్నదాని ముందు మనిషి కాసేపు నిలబడేలా చూస్తాను, అంతే. ప్రతి గదిలోనూ చివరికి ఎవరో ఒకరు వచ్చి గోడమీద చెయ్యి పెడతారు. దేవుడి ముందు నిలబడ్డట్టే నిలబడతారు. దేవుడు ఉన్నాడా లేడా అని నన్ను అడక్కండి. ఆ నిలబడటం మాత్రం ఉంది" అంది. తరవాత నిట్టూర్చి, "ఇక్కడ దేని ముందు నిలబడమంటాం?" అంది.

ఆ గదికి సంబంధించిన ఇళ్ళవాళ్ళను పిలవమని ఆ ఉత్తరంలోనే రాశారు. ఊళ్ళో మిగిలినవాళ్ళు తక్కువ. ఆ మధ్యాహ్నం మా వదిన వచ్చింది. మా ఆవిడకు అక్క, నాలుగేళ్ళు పెద్ద. బస్ స్టాండులో టికెట్లు ఇస్తుంది. ఇరవై ఏళ్ళుగా అద్దం అవతలివాళ్ళతో మాట్లాడి మాట్లాడి ఎదురుగా ఉన్నవాళ్ళతోనూ అలాగే గట్టిగా మాట్లాడుతుంది. వస్తూనే కిటికీకి ఎదురు గోడను చూసి నిలబడిపోయింది.

"బీరువా ఏది?"

"జరిపించాను వదినా."

"ఎందుకు?"

"సున్నానికి."

వదిన నన్ను చూసిన చూపు ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆసుపత్రిలో ఆఖరి రోజున కూడా చూడలేదు.

"ఇరవై రెండేళ్ళు దాన్ని కదలనివ్వలేదు మా చెల్లెలు. మీరు ఐదు నెలలు ఆగలేకపోయారా మరిదిగారూ?"

"పుస్తకాలకు సున్నం పడదని..."

"పుస్తకాలకా!" వదిన నవ్వింది. వినలేని నవ్వు. "అది చెప్పింది, మీరు నమ్మారు! ఇంత చదువు చదివి! అక్కడ మా నాన్న రాసిన రాత ఉంది. ఆయనది మాకు మిగిలింది అదొక్కటే. ఫొటో కూడా లేదు."

అప్పుడు నాకు ఆ వంకర గీతలు గుర్తుకొచ్చాయి. పక్కన అంకెలు. "అక్కడ కూడా" అన్న నా గొంతు నాకే వినిపించింది.

గుమ్మం దగ్గర నేల తుడిచే బకెట్టు ఉంది. వదిన అందులోని గుడ్డ తీసి, పిండకుండానే గోడ దగ్గరకు వెళ్ళి సున్నం వదలగొట్టడానికి రుద్దటం మొదలుపెట్టింది. నీళ్ళు ధారకట్టాయి. ఒక్కసారిగా బొమ్మలావిడ లేచి పరుగెత్తింది.

"అక్కా, ఆగండి! రుద్దకండి! రుద్దకండి, చూడండి!"

వదిన చెయ్యి ఆగింది. తడిసినచోట గోడ తెలుపు తగ్గి మబ్బురంగులోకి తిరిగింది. ఆ మబ్బులోంచి ఒక గీత పైకి వచ్చింది. తరవాత ఇంకొకటి. పల్చని తెర అవతల ఎవరో దీపం పెట్టినట్టు, గీతలు ఒకటొకటిగా తేలాయి.

"సున్నం తడిస్తే అద్దంలా అవుతుంది. పల్చగా వేస్తేనే. అద్దండి, అక్కా. ఊరికే అద్దండి" అంది బొమ్మలావిడ.

వదిన పసిపిల్ల నుదురు తుడిచినట్టు గుడ్డ అద్దింది. నేనూ జేబురుమాలు తడిపి ఇంకొకవైపు అద్దాను. కాసేపటికి గోడమీద మొత్తం కనిపించింది. అది ఒక గౌను. ఆరేళ్ళ పిల్లకు సరిపోయే గౌను, నిజమైన కొలతకు గీసింది. మెడ వంపు, చేతుల గుండ్రం, నడుము. దర్జీలు చెవి వెనక పెట్టుకునే మొద్దు పెన్సిల్‌తో, నొక్కి గీసిన గీతలు. పక్కన "చిన్నది" అని రాసి ఉంది. దాని కింద నాలుగు అంకెలు. పొడవు ఇరవై రెండు. ఛాతీ ఇరవై మూడు. భుజం తొమ్మిదిన్నర. మడత నాలుగు. ఆ నాలుగు కింద రెండు అడ్డగీతలు.

"మా నాన్నను మిషను ముందునుంచే లాక్కెళ్ళారు" అంది వదిన. గోడవైపే చూస్తూ మాట్లాడింది. మామూలుగా కాకుండా, చిన్నగా. "చెల్లెలికి బడి గౌను కత్తిరిస్తున్నాడు. గుడ్డ సగం కత్తిరించి అలాగే బల్లమీద ఉండిపోయింది. నేను రోజూ అన్నం డబ్బా తెచ్చేదాన్ని. మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు, కాగితం ఇవ్వనిచ్చేవాళ్ళు కాదు. కిటికీలోంచి చూసి వెళ్ళిపోవాలి. మూడోరోజో నాలుగోరోజో, నేను వచ్చేసరికి ఈ గోడమీద ఇది గీసి పక్కన నిలబడ్డాడు. అంకెలు వేలితో చూపించాడు. ఎక్కాలు అప్పజెప్పినట్టు ఇంటిదాకా చెప్పుకుంటూ పోయాను. ఇరవై రెండు, ఇరవై మూడు, తొమ్మిదిన్నర, నాలుగు. ఇరవై రెండు, ఇరవై మూడు, తొమ్మిదిన్నర, నాలుగు."

"గౌను కుట్టారా?" అని అడిగింది బొమ్మలావిడ.

"అమ్మ కుట్టింది. కానీ మొదట నన్ను కొట్టింది. 'నాలుగేమిటే? అంచు మడత ఎవరైనా నాలుగు పెడతారా? ఒకటిన్నర అయ్యుంటుంది, దారిలో ఆడుకుంటూ మర్చిపోయావు' అని. ఎదిగే పిల్లలకి ఏడాదికని ఒకటిన్నర లోపలికి మడుస్తారు. పొడుగైతే విప్పుకోవచ్చు. నేను ఏడ్చుకుంటూ మర్నాడు వచ్చి, కిటికీలోంచి నాలుగు వేళ్ళు చూపించి, అవునా కాదా అని తల ఊపి అడిగాను. ఆయన గోడ దగ్గరకెళ్ళి నాలుగు కింద ఒక గీత గీశాడు. నావైపు చూశాడు. ఇంకో గీత గీశాడు."

వదిన ఆ రెండు గీతలమీద వేలు పెట్టింది.

"ఇంటికెళ్ళి చెప్పాను. రెండు గీతలు గీశాడమ్మా అన్నాను. అమ్మ మిషను మీద తల పెట్టుకుంది. నాకు పదేళ్ళు. నాకు అర్థం కాలేదు. నాలుగంటే మూడేళ్ళకి సరిపోయే మడత. మూడేళ్ళు తను కుట్టలేనని ఆయనకి తెలిసిపోయింది."

బయట పిల్లలు నీళ్ళ పంపు దగ్గర కొట్టుకుంటున్నారు.

"చెల్లెలు ఆ గౌను తొమ్మిదేళ్ళు వచ్చేదాకా వేసుకుంది. ప్రతి సంవత్సరం అమ్మ కాస్త విప్పేది. రంగు వెలిసిపోయినా, విప్పిన మడత కొత్తగుడ్డలా ఉండేది. బడిలో ఏడిపించేవాళ్ళు, రెండు రంగుల గౌను అని. అది పట్టించుకునేది కాదు. 'మా నాన్న ఇంకా ఉంచాడు లోపల' అనేది."

మా ఆవిడ ఎప్పుడూ ఈ మాట నాతో చెప్పలేదు. ఇరవై నాలుగేళ్ళ కాపురం. నేను ఎక్కడ తప్పు చేశానా అని వెనక్కి వెతుక్కున్నాను. వదినకు నా ముఖం చూసి అర్థమైనట్టుంది.

"మీతో చెప్పాలని చాలాసార్లు అనుకుంది. 'చెబితే ఆయన దాన్ని పాఠం చేస్తారక్కా. పిల్లల్ని వరసలో నిలబెట్టి చూపిస్తారు. తరవాత ప్రశ్నలు అడుగుతారు' అనేది."

అది నిజం. నేను అలాగే చేసి ఉండేవాణ్ణి. నాకు నవ్వొచ్చింది. ఐదు నెలల తరవాత మొదటిసారి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను. నేనెలాంటివాణ్ణో పూర్తిగా తెలిసిన మనిషి నాతో అన్నేళ్ళు ఉందన్నమాట.

ఈలోగా గౌను భుజాల దగ్గర మసకబారటం మొదలైంది. "పోతోంది!" అని వదిన మళ్ళీ గుడ్డ అందుకుంది.

"పోవటం లేదక్కా, ఆరుతోంది. మళ్ళీ తడిపితే మళ్ళీ వస్తుంది" అంది బొమ్మలావిడ.

మేం ముగ్గురం నిలబడి గోడ ఆరటం చూశాం. పావుగంట పట్టింది. మిగతా గోడలు కూడా తడిపి చూశాం. బొగ్గుతో రాసినవి కుంచె తగిలి చాలావరకు చెరిగిపోయాయి. అవి నా ఖాతాలోవే. ఎవరు రాసుకున్నవో కూడా ఇక తెలియదు. పెన్సిల్‌తో రాసినవీ మేకుతో గీకినవీ నిలిచాయి.

మర్నాడు సున్నం మేస్త్రీని పిలిపించాం. బొమ్మలావిడ ఎన్ని పూతలు వేశావని అడిగింది.

"రెండమ్మా! సారు రెండు చెప్పారు, రెండు వేశాను. మీమీద ఒట్టు."

"అయ్యో, రెండా? ఒక్కటే వేసి ఉంటే ఆ మనిషికి దండం పెడదామనుకున్నాను. ఒక్క పూతే, అదీ బాగా పల్చగా కలిపింది అయితేనే గీతలు ఇలా బయటికి వస్తాయి."

మేస్త్రీ నావైపూ ఆమెవైపూ మార్చి మార్చి చూశాడు. తలపాగా సర్దుకున్నాడు. "అంటే... నిచ్చెన కాలు ఊగుతోంది. సారు క్లాసుకి పోయారు. ఎండ కూడా..." అని నసిగి, "ఒక్కటే అమ్మా. నీళ్ళు కూడా కాస్త ఎక్కువే పోశాను" అన్నాడు.

బొమ్మలావిడ నిజంగానే చేతులెత్తి దండం పెట్టింది. వదిన కూడా పెట్టింది. వాడు కంగారుపడి రెండడుగులు వెనక్కి వేశాడు. "పెద్ద మేడంకి మాత్రం చెప్పకండమ్మా" అన్నాడు.

నేను ఆ మనిషిని చాలాసార్లు విసుక్కున్నాను. పని ఎగ్గొడతాడని పెద్ద మేడంకి రెండుసార్లు ఫిర్యాదు చేశాను. ఆ రోజు అతణ్ణి స్టాఫ్‌రూములో నా కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చాను. నిచ్చెన బాగు చేయిస్తానన్నాను. బాగు చేయించాను కూడా.

ప్రదర్శన ఎలా ఉండాలన్నది ఆ తరవాత మూడురోజుల్లో తేలిపోయింది. గది మధ్యలో ఒక బల్ల. బల్లమీద నీళ్ళ మగ్గులు, మెత్తటి గుడ్డలు. అంతే. వచ్చినవాళ్ళు గుడ్డ తడిపి గోడకు అద్దుకోవాలి. వాళ్ళు అద్దినంత మేర కనిపిస్తుంది, కాసేపటికి మాయమవుతుంది. పెద్ద మేడం గదంతా తిరిగి చూసి నన్ను పక్కకు పిలిచారు.

"మాస్టారూ, ఇంతకీ బొమ్మ ఎక్కడ?"

"గోడలో ఉంది మేడం."

ఆవిడ ఒప్పుకోలేదు. కానీ గుడ్డ తీసుకున్నారు. ఎక్కడో ఒకచోట అద్దారు. అక్కడ ఎవరిదో పేరు, దాని కింద పదకొండు నిలువుగీతలు. ఆవిడ వాటిని లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఆ తరవాత నాతో ఆ ప్రశ్న అడగలేదు. సాయంత్రం వెళ్ళేముందు, "నేనే తొందరపెట్టాను కదూ" అన్నారు. "ఇద్దరం మేడం" అన్నాను.

గౌను ఉన్న గోడ సంగతి వదిననే తేల్చమన్నాం. బీరువా మళ్ళీ అడ్డంపెట్టమంటే పెట్టేసేవాళ్ళం. వదిన ఒక రాత్రి టైము అడిగింది. పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ వచ్చి, బస్సు వెళ్ళిపోతున్నట్టు గుమ్మంలోంచే చెప్పింది.

"ఉండనివ్వండి. చెల్లెలు దాచింది చెరిపేస్తారని. చూస్తారని కాదు. కానీ మరిదిగారూ, పాఠం మాత్రం పెట్టొద్దు."

ఆ గది గురించి ఒక పేజీ రాసిపెట్టమని బొమ్మలావిడ నన్ను అడిగింది. నేను నాలుగుసార్లు రాశాను. సమ్మె గురించి, సైన్యం గురించి, లారీ గురించి. ప్రతిసారీ చదువుకుంటే పరీక్షలో పది మార్కుల జవాబులా ఉంది. చివరికి ఆ పదిహేడు రోజుల తేదీలు, ముప్పై ఎనిమిది మంది అన్న సంఖ్య రాసి, కింద రెండు మాటలు రాశాను: అద్దండి. రుద్దకండి. వదిన చదివి, "ఇదే మీరు రాసినవాటిల్లో బాగుంది" అంది. మా పెళ్ళిశుభలేఖ నేనే రాశానని ఆవిడకు తెలుసు.

ప్రదర్శన మొదలైన రోజు జనం బాగా వచ్చారు. మేస్త్రీ భార్యను తీసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్రతి గోడ దగ్గరా ఆమె చెవిలో ఏదో చెబుతున్నాడు. ఆమె "ఊరుకో, బద్ధకాన్ని కూడా చెప్పుకుంటారా" అనటం వినిపించింది. ముసలాయన ఒకరు కిటికీ పక్క గోడమీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉన్నారు. ఆయన గుడ్డ తడపలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక నేను ఉండిపోయాను. కిటికీలోంచి ఇంకా వెలుతురు ఉంది. మగ్గులో నీళ్ళు పట్టుకొచ్చి గౌను ముందు నిలబడి, పైనుంచి కిందికి అద్దాను. మెడ, భుజాలు, నడుము. ఆరేళ్ళ వయసులో ఆవిడ అంత ఎత్తు ఉండేదన్నమాట. నా నడుము దాటదు. నాకు తెలిసిన ఆవిడ ఇరవై నాలుగేళ్ళ వయసులో నా ఇంటికి వచ్చిన మనిషి. ఈ పిల్ల నాకు ఇప్పుడే పరిచయమైంది.

అడగడానికి ఏమీ తోచలేదు. ఈసారి వెళ్ళిపోవాలనిపించలేదు. ఇన్నాళ్ళూ అడగాలనుకోవటమే తప్పేమో. చెప్పాల్సింది మాత్రం ఉంది. చూడని మామగారికి, మూడేళ్ళు ముందుగా ఆలోచించినందుకు. ఆవిడకు, ఇరవై రెండేళ్ళు తాళంచెవి దాచినందుకు. పెద్ద గొంతు వదినకు, మంచి మనసున్న ఆ బొమ్మలావిడకు, ఒక పూత ఎగ్గొట్టిన మేస్త్రీకి. ఒక్కొక్కరికీ మనసులోనే చెప్పాను. కృతజ్ఞత అన్న మాట పిల్లలకు చాలాసార్లు రాయించాను. ఆ రోజు ఆ మాట వాడలేదు.

గోడ ఆరసాగింది. మొదట భుజాలు పోయాయి. తరవాత నడుము, అంకెలు. అన్నిటికన్నా గట్టిగా నొక్కి గీసినవి కాబట్టి, నాలుగు కింది రెండు గీతలూ ఆఖరుదాకా ఉన్నాయి. అవి కూడా తెలుపులో కలిసేదాకా ఉండి, మగ్గు కడిగి బల్లమీద బోర్లించి, రేపటికి గుడ్డలు ఆరేశాను.